మడత మీద కత్తిరించిన ప్లేటు

ఆ శనివారం పొద్దున టైలరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి కొలత తీసుకోవడం, పదింటికల్లా లేత్ షాపులో ప్లేటు చేయించడం, పదకొండింటికి బిగించడం, పదకొండున్నరకి మామగారి చేత "అల్లుడుగారూ" అనిపించుకోవడం. పాత ఇనుము కొనే ఆయన మామగారి కారు పట్టుకెళ్ళడానికి పన్నెండింటికి వస్తానన్నాడు కాబట్టి, అరగంట వెసులుబాటు కూడా ఉంది.

ఆ ప్లానులో ఆఖరి అంశం పదకొండేళ్ళుగా పెండింగులో ఉంది. పెళ్ళయిన రోజు నుంచీ మామగారు అతన్ని "టైలరుగారూ" అనే పిలుస్తారు. మర్యాదకేం లోటు లేదు, రండి, కూర్చోండి అంటూనే పిలుస్తారు. పెద్దల్లుణ్ణి మాత్రం నోరారా "అల్లుడుగారూ" అంటారు. ఆ పెద్దల్లుడు చేసే పనేమిటో ఇంతవరకూ ఎవరికీ సరిగ్గా తెలియదు. చొక్కాలో మర్చిపోయిన గుండుసూదిలా ఈ తేడా టైలరుని గుచ్చుతూనే ఉంది.

మామగారి పాత కారు ఎనిమిది నెలలుగా షెడ్డులో పడుంది. ఇంజను బంగారం. దానికి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటర్ మాత్రం పోయింది. "ఆ మోడల్ ఇక దొరకదండీ, తయారీయే ఆపేశారు," అని మామగారు అడిగినవాళ్ళందరికీ ఎంతో నిబ్బరంగా చెప్పేవారు. ఆ నిబ్బరం వెనక ఎంత బాధ ఉందోనని టైలరుకి కడుపు తరుక్కుపోయింది. నెల్లాళ్ళు కాళ్ళరిగేలా తిరిగి వేరే మోడల్ కారుది ఓ కార్బురేటర్ సంపాదించాడు. ఇంజను మూతి మీద రెండు బోల్టులున్నాయి, దీని అడుగున నాలుగు బెజ్జాలున్నాయి. రెంటికీ పొత్తు కుదరాలంటే మధ్యలో అల్యూమినియం ప్లేటొకటి కావాలి.

"సూదీ దారంతో అయ్యే పని కాదేమో టైలరుగారూ," అన్నారు మామగారు, షెడ్డు ముందు కుర్చీలో పేపరు వెనక నుంచి. "ఎందుకొచ్చిన శ్రమ. హాయిగా టీ తాగి వెళ్ళండి."

"పాతికేళ్ళుగా కొలతల మీదే బతుకుతున్నాను మామగారూ. గుడ్డయినా ఇనుమైనా కొలత కొలతే," అన్నాడు టైలరు, మెళ్ళో టేపు సర్దుకుంటూ. ఇంజను మూతి మీద కాగితం పరిచి, సుద్దతో గీసి, కత్తెరతో కత్తిరించి లేత్ షాపుకి నడిచాడు.

లేత్ షాపు వీధి చివరే. అక్కడి మేస్త్రి మాటలో పొదుపరి, పనిలో మొండి. ఒకప్పుడు ఎవరో ఇచ్చిన గీతలో తప్పుందని సొంత తెలివితో సరిచేసి, నానా చీవాట్లూ తిన్నాడట. ఆనాటి నుంచీ కాగితంలో ఏదుంటే అదే చేస్తాడు, వెంట్రుకవాసి తేడా రానివ్వడు. టైలరు "అచ్చం ఇలాగే," అన్నాడు. మేస్త్రి తలాడించాడు. ముప్పావుగంటలో ప్లేటు తయారైంది. అద్దంలా మెరుస్తోంది. అంచులు నున్నగా ఉన్నాయి. సగమే ఉంది.

"ఇదేంటి మేస్త్రీ, రెండో సగమేది?"

"కాగితంలో సగమే ఉంది మాస్టారూ."

"దాన్ని మడత మీద పెట్టి కత్తిరించాలి కదండీ. చొక్కా వీపు ముక్క ఎలా తీస్తాం? గుడ్డ మడిచి, సగం కాగితం పైన పెట్టి కోస్తాం. విప్పితే నిండు ముక్క వస్తుంది."

మేస్త్రి అంగుళం మందం అల్యూమినియం దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మడిచి ఇవ్వండి, కోస్తాను," అన్నాడు. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

టైలరు పరుగున వెళ్ళి ఈసారి నిండు కాగితమే కత్తిరించాడు. కానీ పాతికేళ్ళు అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? చుట్టూ అర అంగుళం ఎక్కువ వదిలింది. కుట్టులోకి కొంత పోవాలి, రేపు కస్టమరు ఒళ్ళు చేస్తే వదులు చేసుకోవడానికి కొంత మిగలాలి. ఇంజను ఒళ్ళు చేయదన్న సంగతి చేతికి తెలియదు. మేస్త్రికి తెలుసేమో గానీ, కాగితంలో రాయలేదు కాబట్టి ఆయన నోరు మెదపలేదు.

రెండో ప్లేటుకి బెజ్జాలన్నీ కుదిరాయి. అంచు మాత్రం పక్కనున్న నీళ్ళగొట్టానికి తగిలి ప్లేటు కూర్చోనంది. అప్పటికి పదకొండు దాటింది. గొట్టాన్ని కాస్త పక్కకి జరిపితే సరిపోతుందనుకుని టైలరు జరిపాడు. ఏనాటి రబ్బరో, అది చేతిలోకి ఊడొచ్చింది. లోపలున్న తుప్పు నీళ్ళు ఎగిరి మామగారి పేపరు మీదా, తెల్ల చొక్కా మీదా పడ్డాయి.

మామగారు కోప్పడలేదు. పైగా ఆయన మొహం ఎందుకో తేటపడింది. "ఇక వదిలెయ్యండి టైలరుగారూ. దాని ఆయుష్షు అంతే," అన్నారు చొక్కా దులుపుకుంటూ.

టైలరు వదలదల్చుకోలేదు. గొట్టం కోసం ఇల్లంతా గాలిస్తే, పెరటి వరండాలో బట్టలుతికే మెషిన్ వెనక సరిగ్గా ఆ లావుదే కనబడింది. మెషిన్ చప్పుడు లేకుండా ఉంది కదా అని దాన్ని లాగేసి, ఓ ముక్క కోసి ఇంజనుకి తగిలించాడు. మెషిన్ నిజానికి సబ్బునీళ్ళు బయటికి వదలబోయే ముందు కాస్త ఆగిందంతే.

"ఏమండీ, వంటింట్లోకి నురగ వస్తోంది," అంది అతనితో పాటు పుట్టింటికి వచ్చిన భార్య, చీపురుతో గుమ్మంలో నిలబడి. "మెషిన్ గొట్టమేదీ?"

"కార్లో ఉంది."

"కార్లో ఎందుకుంది?"

"ప్లేటు పెద్దదైంది."

పదకొండేళ్ళ కాపురంలో ఇంతకన్నా వింత జవాబులు విన్న మనిషి ఆవిడ. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, "కానివ్వండి. మా నాన్న చేత ఆ ఒక్క మాటా అనిపించుకుంటే గానీ మీకు నిద్ర పట్టదు, మీకు పట్టకపోతే నాకూ పట్టనివ్వరు," అని నీళ్ళు తోసుకుంటూ లోపలికి వెళ్ళింది.

ఇక కాగితాన్ని నమ్మేది లేదనుకుని టైలరు ప్లేటు మీదే సుద్దతో గీత గీసి పట్టుకెళ్ళాడు. "ఈ గీత దాకా తీసెయ్యండి మేస్త్రీ."

మేస్త్రి ప్లేటు అందుకుని, కిరసనాయిలు గుడ్డతో ఇటూ అటూ శుభ్రంగా తుడిచాడు. సరుకు తుడవనిదే మిషను ఎక్కించడు, అది ఆయన నియమం. తుడిచి, వెలుగులో తిప్పి చూసి, "ఏ గీత మాస్టారూ?" అన్నాడు.

పన్నెండుకి ఇరవై నిమిషాలుంది. టైలరుకి ఏడుపొచ్చినంత పనైంది. ఏడవడానికి తీరిక లేక రెండు బొటనవేళ్ళూ ప్లేటు మీద ఆనించాడు. "ఇక్కణ్ణించి ఇక్కడి దాకా ఉంచండి. మిగతాది మీ ఇష్టం."

మేస్త్రి వేళ్ళ చుట్టూ మేకుతో గీసి, వేళ్ళు తీయించి, కోసిచ్చాడు. "మీ ఇష్టం" అన్న మాట ఆయన విని ఎన్నేళ్ళైందో ఏమో, షాపు షట్టరు దించి, జేబులో ఆకురాయి పెట్టుకుని తనూ వెంట బయల్దేరాడు.

వాళ్ళు వచ్చేసరికి పాత ఇనుము ఆయన వచ్చి కూర్చున్నాడు. మామగారు ఆయనకి టీ ఇప్పించి, కారుకి కట్టడానికి తాడు కూడా స్వయంగా వెతికి పెట్టారు. "పది నిమిషాలు మామగారూ," అని బతిమాలి టైలరు బానెట్ కింద దూరాడు. ప్లేటు కింద వేసే రబ్బరు షీటు తనే కత్తిరించాడు. మార్జిన్ వదలబోతున్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని మరీ కత్తిరించాడు. మేస్త్రి అంచు ఒకచోట ఆకురాయితో రెండు గీతలు గీకాడు. ప్లేటు కూర్చుంది, దాని మీద కార్బురేటర్ కూర్చుంది.

తాళం తిప్పితే ఇంజను దగ్గింది. రెండోసారి ఇంకాస్త గట్టిగా దగ్గింది. మూడోసారి అందుకుని, కుట్టుమిషనులా సన్నగా, ఒకే తీరుగా నడవడం మొదలెట్టింది. పాత ఇనుము ఆయన తాడు కిందపెట్టి వెళ్ళిపోయాడు.

ఇంజను చప్పుడుకి అత్తగారు పట్టుచీరతో, పెద్ద చేతిసంచితో బయటికి వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. "చల్లగా ఉండు బాబూ. ఎనిమిది నెలలైంది నేను గడప దాటి. ఇవాళ మా పెద్దక్కయ్య ఇల్లు, రేపు రెండో అక్కయ్య, సోమవారం మా చెల్లెలూ దాని తోడికోడలూ. దారిలో మేనత్తని కూడా చూసేద్దాం," అన్నారు.

మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి టైలరుకి కూడా తిరిగాయి. మామగారు అతని భుజం మీద చెయ్యేసి షెడ్డు వెనక్కి తీసుకెళ్ళారు. అటూ ఇటూ చూశారు.

"అల్లుడుగారూ," అన్నారు గొంతు తగ్గించి.

టైలరుకి ఒళ్ళు పులకరించింది. "చెప్పండి మామగారూ."

"నలభై ఏళ్ళు ఆ చుట్టాలందరి గుమ్మాల ముందూ కారాపుకుని, స్టీరింగు పట్టుకుని ఎదురుచూశాను. ఈ ఎనిమిది నెలలే ఇంటిపట్టున కూర్చుని పేపరు మొదటి నుంచి చివరిదాకా చదివాను. మీ కాళ్ళు పట్టుకోవడానికి నేను పెద్దవాణ్ణి, బాగుండదు. మీ అత్తయ్య చూడకుండా ఆ ప్లేటు విప్పెయ్యండి అల్లుడుగారూ."

అల్లుడుగారు వెళ్ళి స్పానరు తెచ్చుకున్నారు.