జయపాల్ మాస్టారి నవ్వు జబ్బు

ఆ శనివారం పొద్దున జయపాల్ మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే, నవ్వడం. సోమవారం ఆత్మకూరులో చుట్టుపక్కల ఇంగ్లీషు మాస్టర్లందరి ముందూ ఆయన నమూనా పాఠం చెప్పాలి. నవ్వు గురించి ఇంగ్లీషువాళ్లు వాడే నుడికారాలు పాఠం. ముందురోజు తన క్లాసులో చెప్పి చూశాడు. నవ్వీ నవ్వీ తల ఊడిపోవడం, నవ్వీ నవ్వీ పక్కలు చీలిపోవడం అని అర్థాలు వివరిస్తుంటే పిల్లలు సంతాపసభలో కూర్చున్నట్టు కూర్చున్నారు. వాళ్ల తప్పేం లేదు. చెప్పేవాడి ముఖం అలా ఉంది మరి.

భార్య పోయాక ఆత్మకూరులో ఏ వీధికి పోయినా ఆమే గుర్తొస్తోందని బదిలీ అడిగి ఉదయగిరి వచ్చాడాయన. ఇక్కడ గుర్తు రావడానికి ఎవరూ లేరు, పలకరించడానికీ లేరు. బడి వదిలాక మళ్లీ బడిగంట కొట్టేదాకా నోరు విప్పే అవసరమే పడేది కాదు. ఇంట్లో గ్లాసు ఒక్కటే ఉండేది. ఆత్మకూరులో ఆమెను ఎరిగిన పాత స్నేహితులుంటారు. ఈ ముఖంతో వాళ్ల ముందు నిలబడితే పాఠం వినరు, జాలిపడతారు. ఆ జాలంటే ఆయనకు భయం.

అందుకని తలుపు వెనక సుద్దముక్కతో పాఠం రాసి, గడియ పెట్టి, సాధన మొదలుపెట్టాడు. "బర్స్ట్ అవుట్ లాఫింగ్" అని చదివి ఫెళ్లున నవ్వబోతే దగ్గు వచ్చింది. "ఇన్ స్టిచెస్" అని డొక్కలు పట్టుకుని నవ్వాడు. కాస్త నయం. "రోలింగ్ ఇన్ ది ఐల్స్" అంటే కుర్చీల మధ్య పడి దొర్లాలి. ఉన్న ఒక్క కుర్చీనీ పక్కకు జరిపి, నేలమీద పడి దొర్లుతూ నవ్వాడు. కిటికీ వైపు తిరిగేసరికి ఊచల మధ్య పక్క వాటాలో ఉండే ముసలామె కామమ్మ ముఖం కనిపించింది.

"సారూ! ఏందయ్యా ఇది?"

"పాఠం పెద్దమ్మా."

"ఎవరికి?"

ఆయన గది నాలుగు మూలలా చూశాడు. "ఎవరికీ కాదు."

"అయ్యో నా తండ్రీ!" అంటూ కామమ్మ కొంగు బిగించి వీధిలోకి పరుగెత్తింది.

ఆమె పాస్టరు డేవిడ్‌రాజును వెంటబెట్టుకుని వచ్చేసరికి వెనకే సగం వీధి వచ్చింది. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోదామని బాడుగ జీపు నడిపే వహాబ్ బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు.

"నాకేం కాలేదు అయ్యగారూ. సోమవారం ఆత్మకూరులో అందరి ముందూ ఇట్లనే దొర్లతాను, అంతే" అన్నాడు జయపాల్ గడియ తీసి.

"ముదిరిపోయినాది, పట్టుకోండి!" అన్నాడు వహాబ్.

ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. ఎదురింటి అమీరున్నీసా దర్గా నుంచి తెచ్చిన నీళ్లు ముఖాన చల్లింది. పాస్టరు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. అది మాస్టారి ఆరోగ్యంతో మొదలై, వానల మీదుగా చర్చి పైకప్పు రేకుల దాకా పోయింది. చివరికి వరికుంటపాడు బస్సు వేళకు రావాలని ఆయన కన్నీళ్లతో వేడుకునేసరికి, జయపాల్ ఎంత బిగబట్టినా ఆగలేదు. నవ్వు తన్నుకొచ్చింది. ఇది సాధన నవ్వు కాదు, అసలుది. భార్య ఉండి ఈ సంగతి వింటే ఎంత నవ్వేదో అనిపించింది. అంతే, నవ్వుతోపాటు కన్నీళ్లూ వచ్చాయి, అవీ ఆగలేదు.

"జబ్బు వదిలిపోయినాది! హల్లెలూయా!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు.

కామమ్మ తన ఇంటినుంచి గిన్నెడు టీ, గ్లాసులు తెచ్చింది. మంచం మీద కొందరు, గడప మీద కొందరు కూర్చుని ఆమె పోసిన టీ తాగుతూ కబుర్లలో పడ్డారు. ఇల్లంతా మనుషులు. ఆ సందడి అలాగే ఉండిపోతే బాగుండునని జయపాల్‌కు ఎంతో అనిపించింది. కానీ అబద్ధం మీద ప్రార్థన చేయించుకున్నానన్న బాధ ఒకటి లోపల తొలుస్తోంది.

"అయ్యగారూ, ఒకసారి ఆ తలుపు వెనక చూడండి" అన్నాడు.

పాస్టరు తలుపు మూసి, సుద్ద రాత చదివాడు. "అంటే మీకేమీ లేదా?" అన్నాడు, కొంచెం నిరాశగానే.

"లేదయ్యగారూ. పాఠమే."

ఏ జబ్బూ లేని మనిషింట్లో ఎవరికేం పని? వహాబ్ జీపు తిప్పుకున్నాడు. గ్లాసుల్లో టీ పూర్తికాకుండానే ఇల్లు ఖాళీ అయింది.

కామమ్మ ఒక్కతే మిగిలి గ్లాసులు ఏరుతూ, "నిజమెందుకు చెప్పినావు సారూ?" అంది.

"చెప్పకపోతే ఎట్ల పెద్దమ్మా? పాపం, మీరెంత భయపడినారో."

"నేనేం భయపళ్లా. మనకు నడిమి గోడ ఒక్కటే గదా ఉండాది. నువ్వు ఇంగ్లీషులో ఒక మాట అనేది, నవ్వేది. పాఠమని నాకు ముందే తెలుసు."

"మరి అయ్యగారి కోసం ఎందుకు పరిగెత్తినారు?"

కామమ్మ తల తిప్పుకుంది. "మా ఆయన పోయినప్పుడు వచ్చిన జనం మళ్లా ఈ పక్క తొంగిచూళ్లా. బాగుండామంటే ఎవరొస్తారు సారూ? బాగలేదంటేనే వస్తారు."

జయపాల్ కుర్చీ ఆమెకు వేసి, గిన్నెలో మిగిలిన టీ ఇద్దరికీ పోసి, తాను నేలమీద కూర్చున్నాడు.

వచ్చే వారం ఇద్దరిలో జబ్బు ఎవరికి రావాలో ఆ టీ తాగేలోపే తేలిపోయింది.