గోడ అవతల ఊదా పూలు

ఆ ఆదివారం నెలవిందు మస్తూరా వంతు. తాష్కెంట్‌లోని ఆ సందు ఆడవాళ్లు నెలకొకరింట్లో కలుసుకుంటారు. మస్తూరా పొద్దున్నే లేచి పిండి కలిపి, తొమ్మిదికల్లా తందూరులోంచి మాంసం కూరిన సంసాలు తీసి, పదిమంది కూర్చోవడానికి పరుపులు పరిచింది. పదయింది. పదిన్నరయింది. ఒక్కరూ రాలేదు.

వీధి తలుపు తీసి చూస్తే, అందరూ పక్కింటి వాకిట్లోనే ఉన్నారు. హుర్సనాయ్ పెంచుతున్న చెట్టు మొదటిసారి పూసింది. ఆకన్నది లేదు, కొమ్మకొమ్మకూ లేత ఊదారంగు గంటలు. దాని కింద ఫొటోలు తీసుకుంటున్నారు. హుర్సనాయ్ టీ పోస్తోంది.

"ఏం చెట్టు చెల్లీ ఇది?" అని అడుగుతోంది లావుపాటి కుమ్రి.

"ఏమో అక్కా, దానంతటదే మొలిచింది. నేను నీళ్లు పోశానంతే."

ఆ వినయం మస్తూరాకు కంట్లో కారం కొట్టినట్టయింది. తను పదిహేనేళ్లుగా గులాబీలకు ఎరువు మోస్తోంది, ఏనాడైనా ఒక్కరు ఫొటో అడిగారా?

"నాకు తెలుసులే, అది కటాల్పా," అంది గట్టిగా. "దాని వాసన తలకెక్కుతుంది. మా పిన్ని వాళ్ల ఊళ్లో ఒకావిడ మూడ్రోజులు కళ్లే తెరవలేదు."

గుంపు గబగబా మస్తూరా ఇంటికి కదిలింది. ఆరో సంసా దగ్గర కుమ్రి నుదురు పట్టుకుంది. "నిజమేనే, నా తల పగిలిపోతోంది!"

మర్నాటికి తలనొప్పి సందంతా పాకింది. పెళ్లికోటు ఇవ్వాల్సిన దర్జీకి వచ్చింది. బట్టలుతకాల్సిన కొత్తకోడలికి వచ్చింది. వారం తిరిగేసరికి సందు పెద్ద ఎరాలీ రంపంతో హుర్సనాయ్ వాకిట్లో నిలబడ్డాడు.

"బాబాయ్, చెట్ల సంగతి తెలిసినవాళ్లెవరినైనా పిలిపించండి. వాళ్లు చెడ్డదంటే నేనే కోస్తా," అంది హుర్సనాయ్, కళ్లు తుడుచుకుంటూ.

సంగతి రంపం దాకా వస్తుందని మస్తూరా అనుకోలేదు. కానీ అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు ఆమెకు లేదు.

మధ్యాహ్నానికి చెట్ల చదువు చదివిన సబోహత్ వచ్చింది. చెట్టును ఒక్కచూపు చూసి, "కటాల్పా అన్నదెవరు?" అంది. అందరూ మస్తూరా వైపు తిరిగారు.

"కటాల్పా ఆకులొచ్చాక, వేసవిలో పూస్తుందమ్మా. తెల్లపూలు, చిక్కుళ్లలా వేలాడే మూరెడు కాయలు. ఇది పౌలోనియా. ముందు పూలు, తర్వాతే ఆకులు. దీంతో తలనొప్పి వస్తుందని నేనెక్కడా చదవలేదు."

కుమ్రి తలకు కట్టిన గుడ్డను చప్పుడు కాకుండా విప్పేసింది.

సబోహత్ మొదలు దగ్గర కూర్చుని మట్టి కెలికింది. "ఇది విత్తనం మొక్క కాదు, వేరుపిలక. తల్లిచెట్టు గోడకు అవతలుండాలి."

అందరూ మస్తూరా పెరట్లోకి నడిచారు. కట్టెల మోపు పక్కకు లాగితే పాత మోడు బయటపడింది.

"అదా!" అన్నాడు మస్తూరా మొగుడు తోష్‌పులాత్. "ఆరేళ్ల కిందట కొట్టించాం. పూత లేదు, పాడు లేదు, చేటలంత ఆకులు, ద్రాక్షకి నీడ అని నువ్వే కదే నా ప్రాణం తీశావు!"

మస్తూరా ముఖం వెలిగింది. "అంటే ఆ చెట్టు మాదే!"

"మీదేనా తల్లీ?" అన్నాడు ఎరాలీ. "అయితే ఈ వారం తలనొప్పులన్నీ మీవే. పద, ఇంటింటికీ వెళ్లి క్షమాపణ చెప్పు."

"అబ్బే, వేరు వరకే మాది బాబాయ్!"

రంపం ఇంకా ఎరాలీ చేతిలోనే ఉంది. హుర్సనాయ్ దాన్ని మెల్లగా లాక్కుని గోడకు ఆనించింది. "వేరు నీది, పూలు నావి. రా అక్కా, టీ చల్లారిపోతోంది."

అప్పట్నుంచి మస్తూరా రోజూ పొద్దున్నే ఆ చెట్టు కిందికి వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చుంటోంది. వేరు ఎలా ఉందో చూసి రావడానికేనట.