ఆస్ట్రేలియాలో కరవబోయే పాము

ఆ బుధవారం ఉదయం సదయ్య చేయవలసినవి రెండే పనులు. పదింటికి రెస్క్యూ స్టేషన్‌కు వెళ్లి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మేడం ముందు కూర్చోవాలి. తిరిగి వచ్చేటప్పుడు గోదావరిఖని మార్కెట్‌లో కిలో చేపలు తేవాలి. తొమ్మిది గంటలకు భార్య రాజకుమారి చేపల సంచి తెచ్చి అతని చేతికి ఇవ్వబోతే, సదయ్య దుప్పటి కప్పుకొని మంచం మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు.

"లేవయ్యా, టైమైతుంది," అంది రాజకుమారి.

"నేను పోను," అన్నాడు సదయ్య, దుప్పటి కిందినుంచే.

సదయ్య గని రక్షక దళంలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు. బొగ్గుబావిలో పొగ కమ్మినా, నీళ్లు ఊరినా అందరూ పైకి పరుగెత్తుతుంటే లోపలికి దిగే ఐదారుగురిలో అతనొకడు. రెండేళ్ల కిందట ముందు మనిషి కనిపించని పొగలో పాకుతూ పోయి ఇద్దరిని భుజాన వేసుకొని తెచ్చాడు. కాలనీలో అతను నడిచిపోతుంటే ముసలివాళ్లు కూడా లేచి పలకరిస్తారు. అలాంటి సదయ్యను, మరో ముగ్గురిని స్టేషన్ అధికారి జైపాల్ సార్ ఒక శిక్షణ కోసం ఎంచి పెట్టాడు. నలుగురితో మాట్లాడి, ఒకరిని ఆ శిక్షణ ఇచ్చే మేడం ఆస్ట్రేలియాకు తీసుకుపోతుంది. ఆ ఒక్కడు సదయ్యేనని రామగుండం రైల్వే స్టేషన్ దగ్గరి చాయ్ బండి దాకా అందరికీ తెలుసు.

అందరికీ తెలియనిది ఒకటుంది. పది రోజులుగా పక్క క్వార్టర్ యిర్మియా అతన్ని కూర్చోబెట్టుకొని ఫోన్‌లో వీడియోలు చూపిస్తున్నాడు.

యిర్మియా కంపెనీ ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ఆస్ట్రేలియాకు పోయినవాడు కాదు గానీ, ఆ దేశం గురించి ఆయనకు తెలియనిది లేదు. "సదయ్యా, గాడ సాలీడు ఇంత ఉంటది. బూట్లల్ల పంటది. పొద్దుగాల నువ్వు కాలు పెట్టినవనుకో, ఖతం," అన్నాడు మొదటిరోజు. రెండోరోజు పాములు. మూడోరోజు మొసళ్లు. నాలుగోరోజు కంగారూ తోక మీద నిలబడి రెండు కాళ్లతో మనిషిని ఎట్లా తంతుందో స్వయంగా గోడకు ఆనుకొని చేసి చూపించబోయి, నడుము పట్టేసి రెండురోజులు సెలవు తీసుకున్నాడు. లేచాక ఇంకా పెద్ద కబురు తెచ్చాడు.

"ఆఖరికి చెట్టుకు గూడ విషమేనయ్యా. ఒక్క ఆకు తాకితే నెలలకొద్ది మంట. మన దూలగొండి దానికి మనుమరాలు గూడ గాదు."

ఆ రోజు నుంచి సదయ్య బూట్లు దులపకుండా తొడగడం మానేశాడు. బాత్రూంలోకి పోయేముందు తలుపు మీద మూడుసార్లు కొట్టి, ఎవరో లోపలున్నట్టు కాసేపు ఆగి మరీ వెళుతున్నాడు.

"గీ మాట ముందే చెప్పొద్దా?" అంది రాజకుమారి, విషయమంతా విని మంచం అంచున కూర్చుంటూ. "మంటల్ల పొగల దూకెటోనివి, సాలెపురుగుకు భయపడుతవా?"

"బావి నాకెరికే. యాడ గాలి తప్పుతదో, యాడ పైకప్పు ఊగుతదో చేతితోని తట్టి చెప్త. గది నాకెరిక లేని జాగ. యాడ చెయ్యి పెట్టాల్నో, యాడ పెట్టొద్దో ఎవడు చెప్తడు?"

రాజకుమారికి జాలేసింది. "అయితె పోయి మేడం అడిగినయన్నిటికి తప్పులు చెప్పు. ఆమెనే వద్దంటది."

సదయ్య దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. "రెస్క్యూ పనిల నేను తప్పు చెప్పాల్నా? ఇజ్జత్ ఉంటదా? నువ్వే జైపాల్ సార్‌కు ఫోన్ చేసి జరమొచ్చిందని చెప్పు."

రాజకుమారికి అబద్ధం ఆడటం అలవాటు లేదు. నాలుగుసార్లు అద్దం ముందు "జరం, జరం" అనుకొని, గుండె చిక్కబట్టుకొని ఫోన్ కలిపింది.

"సార్, మా ఆయనకు జరమొచ్చింది."

"జరమా? నిన్న మంచిగనే ఉండె గదమ్మా. ఒక్కపారి ఎట్లొచ్చింది?"

మొదటి ప్రశ్నకు జవాబు నేర్చుకున్న మనిషికి రెండో ప్రశ్న ఉంటుందని తోచలేదు. నోటికి నిజమే వచ్చేసింది.

"పాముతోని సార్..." అని, అన్నది తనకే వినబడి, భయపడి ఫోన్ పెట్టేసింది.

పన్నెండు నిమిషాల్లో వీధి మొదట్లో అంబులెన్స్ కూత వినబడింది. సదయ్య అప్పుడే మంచం మీద కూర్చొని సర్వపిండి రెండో ముక్క తుంచుతున్నాడు. పళ్లెం మంచం కిందికి తోసి, మూతి తుడుచుకొని పడుకునే లోపు గది నిండిపోయింది. ముందు జైపాల్ సార్, వెనక స్ట్రెచర్‌తో రక్షక దళం, అందరికంటే వెనక ద్వారబంధానికి తల తగలకుండా వంగి, ఆరడుగుల తెల్లజుట్టు మనిషి. హెలెన్ మేడం ఆమే. సంచిలోంచి సాగే బట్ట పట్టీల చుట్టలు అప్పుడే తీస్తోంది.

"ఏ కాలు అని అడుగుతున్నది మేడం," అన్నాడు జైపాల్ సార్ రొప్పుతూ.

సదయ్య కుడికాలు చూపించాడు. అదే క్షణంలో రాజకుమారి ఎడమకాలు చూపించింది.

"రెండు కాళ్లకా!"

"యాదికి లేదు సార్," అన్నాడు సదయ్య, అంతకంటే క్షేమమైన మాట దొరకక.

జైపాల్ సార్ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాడు. హెలెన్ మేడం ముఖం తెల్లబోయింది. మతి తప్పుతోందంటే విషం తల దాకా ఎక్కుతోందని ఆమె లెక్క. కదలకూడదని సైగచేసి, వేళ్ల నుంచి తొడల దాకా రెండు కాళ్లకూ పట్టీలు బిగించి, రెండు కాళ్లనూ కలిపి ఒక కర్రకు కట్టేసింది. సదయ్య మొక్కజొన్న కంకిలా బిగుసుకుపోయాడు. నిజం చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఆమె మాట్లాడవద్దని నోటి మీద చెయ్యి పెట్టింది.

ఇన్నేళ్లూ తాను ఎత్తిన స్ట్రెచర్ మీద తనే పడుకోవడం సదయ్యకు మొదటిసారి. తల దగ్గర పట్టుకున్నవాడు కిషన్. అతనికి పనంతా నేర్పింది సదయ్యే.

"అన్నా, కండ్లు మూయకే. నాతోని మాట్లాడే," అంటూ ఏడుస్తున్నాడు.

ఆ కన్నీటి చుక్క నుదుటి మీద పడగానే, నిజంగానే పాము కరిచి ఉంటే బాగుండుననిపించింది సదయ్యకు.

అంబులెన్స్ కదిలాక వీధి మిగిలింది. వీధికి యిర్మియా మిగిలాడు. "ఏ పాము?" అని ఎవరో అడిగితే, "తెల్వది, కాని రెండు కాళ్లకు కరిసిందంటె రెండు పాములై ఉంటయి," అన్నాడాయన. కమాన్‌పూర్‌లో ఉన్న సదయ్య అక్క లింగవ్వకు ఫోన్ చేసి, "పరేషాన్ గాకు, సోయి తప్పింది గంతె," అని ధైర్యం చెప్పాడు. యూనియన్ నాయకుడు మొగిలికి కూడా చెప్పాడు. మొగిలి ఆ మాటను నలుగురికి, ఆ నలుగురూ కాలనీకి చెప్పారు.

దవాఖానలో డాక్టర్ సుసన్నా పట్టీలు విప్పకుండానే కనిపించినంత మేరా చూసి, సదయ్య చేతి నుంచి కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టింది.

"ఇరవై నిమిషాలు చూద్దాం. రక్తం గడ్డకడితే మంచిదే. కట్టకుంటే విషం విరుగుడు మందు పది సీసాలు ఎక్కించాలె. ఆ మందు కొందరికి పడదు. అందుకని ముందే చెప్తున్న. పాము కరిసింది నిజమేనా, నువ్వు చూసినవా?"

సదయ్య గొట్టం వైపు చూశాడు. గోడ గడియారం వైపు చూశాడు. వరుసగా పేరుస్తున్న సీసాల వైపు చూశాడు. తలుపు దగ్గర రాజకుమారి కొంగు నోట్లో కుక్కుకొని నిలబడి ఉంది.

"సార్," అన్నాడు జైపాల్ సార్‌తో. "పాము కరవలే."

"మరి?"

"కరుస్తదని భయమైంది."

"యాడ?"

"ఆస్ట్రేలియాల."

యిర్మియా చూపిన వీడియోల సంగతంతా సదయ్య బయటపెట్టాడు. జైపాల్ సార్ ముఖం ముందు ఎర్రబడి, తర్వాత వాడిపోయింది. ఇదంతా ఇప్పుడు ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో ఆయనకు తోచలేదు. సాలీడు, మొసలి, కంగారూ తన్ను, విషపు ఆకు, చివరికి యిర్మియా నడుము దాకా విడమరిచి చెప్పి, తలవంచుకొని నిలబడ్డాడు.

హెలెన్ మేడం స్టూలు మీద కూలబడింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని రాజకుమారి దగ్గరకు పోయింది. ఆమె నవ్వుతోంది. కళ్లు తుడుచుకుంటూ, ఆగుతూ ఆగుతూ ఏదో చెప్పింది. జైపాల్ సార్ ఆశ్చర్యపోతూ తెలుగులో అందించాడు.

"సదయ్యా, మేడం ఇండియాకు రావుడు మూడుసార్లు వాయిదా వేసుకున్నదట. నాగుపాములు, తేళ్లు, కుక్కలు, పులులు అని వాళ్ల మరిది దినాం వీడియోలు పంపిండట. గీ పట్టీలన్నీ తనకోసమే తెచ్చుకున్నదట. మన గెస్ట్‌హౌస్ గోడ మీద బల్లి ఉందని ఐదు రాత్రుల సంది లైటు వేసుకొని పంటున్నదట. వాళ్ల ఊర్ల ఆమె పామును చూసింది జూలనే అట."

సదయ్య మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "బల్లి ఏం చెయ్యదని చెప్పుండ్రి సార్. దోమలు తింటది, మంచిదే."

మేడం ఆ మాట విని తల ఊపింది. తర్వాత సంచిలోంచి కాగితాలు తీసింది. ఆ పొద్దున ఎనిమిది నుంచి ఆమె మిగతా ముగ్గురితో మాట్లాడింది. భయమేస్తే ఏం చేస్తారని అడిగితే ముగ్గురూ ఛాతీ విరుచుకొని, భయమంటే ఏంటో తమకు తెలియదన్నారు. ఆ ముగ్గురి పేర్ల ఎదుటా ఆమె గీత గీసింది. భయం తెలియని మనిషిని పొగలోకి పంపితే, వాణ్ని తేవడానికి ఇంకో మనిషిని పంపాల్సి వస్తుందని ఆమె అనుభవం. నాలుగో పేరు ఎదుట టిక్కు పెట్టి కాగితం జైపాల్ సార్‌కు ఇచ్చింది.

"మేడం నిన్నే తోలుకపోతదట," అన్నాడు జైపాల్ సార్.

"సార్, నేను అబద్ధమాడిన గద! శిక్ష వెయ్యుండ్రి సార్," అన్నాడు సదయ్య ఆశగా.

"మెమో ఇద్దామనుకున్న. కాని నీకు గింతకన్న పెద్ద శిక్ష నా దగ్గర లేదు. పో."

గాజు గొట్టంలో రక్తం చక్కగా గడ్డకట్టింది. డాక్టర్ సుసన్నా కట్టు విప్పుతూ, "ఇంకొకసారి నా దగ్గరికి నిజంగ కరిసినంకనే రా," అంది.

రాజకుమారి అతని చెయ్యి పట్టుకుంది. "భయమైతె భయమని చెప్పరాదా అయ్యా. ఇంత లొల్లి ఉండకపోవు," అంది. సదయ్య ఆ చెయ్యి వదల్లేదు.

ఇద్దరూ వరండాలోకి వచ్చేసరికి బయట రెండు వందల మంది తలలు వంచి నిశ్శబ్దంగా నిలబడి ఉన్నారు. ముందు వరసలో మొగిలి గడియారం చూసుకుంటున్నాడు. రెండు నిమిషాల మౌనంలో ఇంకా నలభై సెకన్లు మిగిలి ఉన్నాయి. అప్పుడే ఆటో దిగిన లింగవ్వ ఒక్కర్తే గుండెలు బాదుకుంటూ, "తమ్మీ, నన్నిడిసి పోతివారా!" అని ఏడుస్తోంది.

"యాడికి పోలేదక్కా," అన్నాడు సదయ్య.

లింగవ్వ కేక వేసింది. దగ్గరికొచ్చి తమ్ముణ్ని రెండు పీకి, వెంటనే గట్టిగా పట్టుకొని మళ్లీ ఏడ్చింది. కిషన్ గుంపును చీల్చుకొని వచ్చి అన్న కాళ్లు రెండూ తడిమి చూశాడు. యిర్మియా, "నేను ముందే చెప్పిన, గట్టి పాణమని," అన్నాడు పక్కవాళ్లతో. విషమేమీ లేదనీ, సదయ్య ఆస్ట్రేలియాకు ఎంపికయ్యాడనీ జైపాల్ సార్ ప్రకటించాడు.

మొగిలి ముప్పై ఏళ్ల నాయకుడు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. పిడికిలి ఎత్తి, "సదయ్యన్నకు జోహార్" అనబోయిన నోటితోనే "సదయ్యన్న జిందాబాద్" అన్నాడు. అందరూ అందుకున్నారు. వెనక నుంచి బంతిపూల దండలు వచ్చాయి. ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది. సదయ్యకు ముక్కు దాకా పూలే.

ఆ పూల మధ్య నుంచి అతను నెమ్మదిగా అడిగాడు. "మొగిలన్నా, తొమ్మిదిన్నరకు కరిసిన పాముకు పదిన్నర కాకముందే ఇన్ని దండలు యాడ దొరికినయే?"

ఆ అంశాన్ని యూనియన్ వచ్చే సమావేశానికి వాయిదా వేసింది.