నల్ల చతురస్రం కింద స్టీరింగు

ఆ శనివారం ఉదయం శ్రీమతి ఎడెల్‌ట్రాడ్ వీజెమన్ కార్యక్రమం సాదాసీదాగానే ఉంది: పది గంటలకు చర్చి హాలులో బల్ల వేసుకుని కూర్చోవడం, తన ప్లమ్ కేకు తిన్న ప్రతి మనిషి చేతా అర్జీ మీద సంతకం పెట్టించుకోవడం. డెబ్బై తొమ్మిదేళ్ళ ఆ వితంతువు ముప్ఫయ్యేళ్ళపాటు తపాలా కార్యాలయం కిటికీ వెనక కూర్చుని, చిరునామా తప్పు రాసినవాడి చేత మూడుసార్లు దిద్దించి మరీ పంపిన మనిషి. ఓస్టర్‌వీడే ఊరికున్న ఒకే ఒక్క స్పీడ్ కెమెరా, మిల్లు వీధిలోనిది, ఆవిడ మూడేళ్ళ ఉత్తరాల ఫలితమే. ఇప్పుడు రెండోది బడి ముందు కావాలి. నిరుడు అక్టోబరులో రోడ్డు దాటుతున్న రెండో తరగతి పిల్ల వీపు మీది సంచీని ఒక కారు అద్దం లాక్కుపోయింది. పిల్ల మిగిలింది. అలా మిగలడం అదృష్టమే తప్ప ఏర్పాటు కాదని ఆవిడ వాదన. పై నెల మొదటి గురువారం పురసభ ఆ సంగతి తేల్చబోతున్నది.

చర్చికి తీసుకువెళ్ళవలసింది అల్లుడి కారు. డెస్మండ్ పిల్‌బీమ్ ఒకప్పుడు ఆ ఊళ్ళో మకాం వేసిన బ్రిటిష్ సైన్యంలో మెకానిక్. దళాలు బిస్తరు కట్టుకుని వెళ్ళిపోయినా అతడు మాత్రం ఎడెల్‌ట్రాడ్ కూతురు రోజ్విటాను పెళ్ళాడి ఊళ్ళోనే ఉండిపోయాడు. కారు కూడా ఉండిపోయింది. రోడ్డుకు ఎడమ పక్కన నడవడానికి పుట్టిన ఆ కారును జర్మన్ చట్టానికి నచ్చజెప్పడానికి అతనికి ఒక శీతాకాలం పట్టింది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి కొట్టే హెడ్‌లైట్లు మార్చాడు. వెనకాల ఫాగ్ లైటును కుడి నుంచి ఎడమకు తెచ్చాడు. తనిఖీ కేంద్రం రెండుసార్లు తిప్పి పంపితే మూడోసారి ముద్ర వేయించుకొచ్చాడు. ఆ దేశపు కార్లకు ఎడమ వైపున ఉండే స్టీరింగు దీనికి కుడి వైపున ఉండటానికి చట్టం అభ్యంతరం చెప్పలేదు, అత్తగారు చెప్పింది. పనంతా అయ్యాక అతడు ఇంగ్లండులో ఉన్న అక్క ఇంటికి నెల రోజులకని విమానమెక్కాడు. అందుచేత ఆ ఉదయం కుడి పక్కన స్టీరింగును రెండు చేతులా కరుచుకుని కూర్చున్నది రోజ్విటా. ఎడమ పక్కన ఒళ్ళో కేకు డబ్బా పెట్టుకుని కూర్చున్నది ఆమె తల్లి.

"అమ్మా, నేను రోడ్డు మీంచి కళ్ళు తియ్యలేను. ముల్లు ఎక్కడుందో నువ్వే చూసి చెప్పు."

"పద్దెనిమిది."

"అంతేనా? ఎగిరిపోతున్నట్టుంది నాకు!"

"నీకు సైకిలెక్కినా అలాగే ఉండేది. వెనకాల ఐదు కార్లు క్యూ కట్టాయి. వింటున్నావా హారను? ఈ వీధికి ముప్ఫై. ముప్ఫై అంటే ముప్ఫై! పద్దెనిమిదిలో దేకడం మంచితనం కాదే, దారికి అడ్డం పడటం. తొక్కు!"

"తొక్కుతున్నాగా!"

"ఇరవై ఐదు... ఇరవై ఎనిమిది... ముప్ఫై! ఆఁ, అక్కడే ఉంచు!"

సరిగ్గా అప్పుడు మిల్లు వీధి కెమెరా మెరిసింది.

"దొరికాడు వెధవ!" అంది ఎడెల్‌ట్రాడ్ తృప్తిగా వెనక్కి తిరిగి. "హారను కొట్టినవాడే అయి ఉంటాడు. ఎవరికోసం పెట్టించాననుకున్నాడో!"

ఆ పూట కేకు తిన్నవాళ్ళందరికీ ఆవిడ ఈ కథ చెప్పింది. అరవై ఒక్క సంతకాలు వచ్చాయి.

పదో రోజున ట్రాఫిక్ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ముప్ఫై ఉండవలసిన చోట నలభై ఎనిమిది కిలోమీటర్ల వేగం. కింద ఫోటో. ఫోటోలో ఎడమ సీట్లో ఎడెల్‌ట్రాడ్: రెండు చేతులూ కేకు డబ్బా మీద, నోరు పూర్తిగా తెరిచి, కళ్ళు రోడ్డు మీద కాక పక్కకు. ఆ దేశంలో ఇటువంటి ఫోటో పంపేటప్పుడు డ్రైవరు పక్కన కూర్చున్నవారి ముఖం కనబడకుండా నల్లగా కప్పుతారు. వారి గౌరవానికి భంగం రాకూడదు గదా. కార్యాలయం వారు ఆ నియమాన్ని శ్రద్ధగా పాటించి, కుడి సీటును, అందులో ఉన్న రోజ్విటాను, ఆమె చేతుల్లోని స్టీరింగుతో సహా, ఒక నల్ల చతురస్రంతో కప్పివేశారు. తరువాత కారు నమోదైన చిరునామాలో ఉండేవారి ఫోటోలతో ఆ ముఖాన్ని సరిపోల్చి, రికార్డులు వెదికారు. ఎడెల్‌ట్రాడ్ వీజెమన్‌కు లైసెన్సు ఏ కాలంలోనూ లేదని తేలింది. అతివేగం ఒక తప్పు. లైసెన్సు లేకుండా, చేతులు స్టీరింగు మీద పెట్టకుండా నడపడం అంతకన్నా ఘోరమైన నేరం. వారంలోగా హాజరై సంజాయిషీ చెప్పుకోవాలి.

"నేను నడిపానని ఒక ముక్క రాసి పడేస్తానమ్మా. పోనీ," అంది రోజ్విటా.

"ఏమని రాస్తావు? నలభై ఎనిమిదిలో నడిపాననా? ముల్లు నేను చూశాను, ముప్ఫై మీద మేకు కొట్టినట్టుంది! చెయ్యని తప్పు ఒప్పుకోవడం కూడా అబద్ధమే. ఈ ఇంట్లో అబద్ధాల మీద సంతకాలు పెట్టరు. తియ్యి, నా కోటు తియ్యి."

కార్యాలయంలో గుమాస్తా బ్రోక్‌హాగే మర్యాదస్తుడు. అటువంటివారితోనే ఎక్కువ ప్రమాదం.

"అమ్మగారూ, ఫోటోలో ఉన్నది మీరేనా?"

"నేనే. నడిపింది మాత్రం నేను కాదు. స్టీరింగు కుడి పక్కనుంది."

"నాకు కనబడటం లేదండీ."

"ఎలా కనబడుతుంది? మీ నల్ల చతురస్రం కింద ఉంది! తియ్యండి దాన్ని."

"పక్కన కూర్చున్నవారి అనుమతి లేనిదే తియ్యకూడదండీ. వారు ఈ కాగితం మీద సంతకం పెట్టాలి."

"నేనేనండీ అది, పెడతాను ఇవ్వండి," అంది రోజ్విటా.

"అయితే పక్కన కూర్చున్నది మీరేనన్నమాట."

"కాదండీ, నడిపింది నేను!"

"నడిపినవారికి ఈ కాగితం వర్తించదండీ," అన్నాడు బ్రోక్‌హాగే విచారంగా, కాగితం వెనక్కి తీసుకుంటూ.

ఎడెల్‌ట్రాడ్ బల్ల మీద చేత్తో చరిచింది. తపాలా కార్యాలయంలో ముద్ర వేసిన చెయ్యి అది. గదిలో ఉన్న పన్నెండు మందీ తిరిగి చూశారు. "స్టీరింగు సంగతి తరవాత! మీ యంత్రమే అబద్ధమాడింది! మూడేళ్ళు కొట్లాడి పెట్టించిన దాన్ని, నేను చెబుతున్నాను, మిల్లు వీధి కెమెరా తప్పుడు లెక్క చూపిస్తోంది! ఆ మాట రాసి ఇస్తాను. రాసుకోండి!"

రాసి ఇచ్చింది. రెండు పేజీలు.

ఆ పన్నెండు మందిలో మాంసం కొట్టు యజమాని గెర్నోట్ కాల్ట్‌వాసర్ ఉన్నాడు. మిల్లు వీధి కెమెరా అతన్ని నాలుగుసార్లు పట్టింది. కెమెరాలు వద్దనే వర్గానికి అతడే పెద్ద. మర్నాటికి ఊరంతా తెలిసిపోయింది. ఆవిడ కిటికీ ముందు నుంచి పోయే కార్లు గౌరవసూచకంగా హారను కొట్టసాగాయి. గుమ్మంలో పూలగుత్తి వెలిసింది. దాని వెనకే రెండు మూరల సాసేజి దండతో కాల్ట్‌వాసర్ కూడా వెలిశాడు.

"ఎంత ధైర్యమండీ మీది! మేం ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటే ఒక్కడు వినలేదు. మీరొక్క మాటన్నారు, కెమెరాకు గుడ్డ కప్పేశారు. ఇక బడి ముందు రెండోది కల్ల!"

ఎడెల్‌ట్రాడ్ ముఖం ఎర్రబడింది. "కాల్ట్‌వాసర్ గారూ, యంత్రం తప్పు చెప్పిందన్నాను. మీరు నాలుగుసార్లు ఒప్పు చేశారని అనలేదు. ఆ మాంసం తీసుకుని దిగండి మెట్లు."

తలుపు వేసి, దాని వెనకే నిలబడి లెక్క కట్టుకుంది. కెమెరా నిజం చెప్పిందంటే తాను నేరస్తురాలు. అబద్ధం చెప్పిందంటే బడి ముందు పిల్లలకు దిక్కు లేదు. ఈ రెంటిలో ఏది కోరుకోవాలో తెలియని మనిషికి న్యాయం అడిగే హక్కు ఎక్కడిది? ఆ కోపంలోనే ఇంకో ఉత్తరం రాసింది: గురువారం, సభకు ముందు, కెమెరాకు గుడ్డ తీసి, అదే కారులో, అదే వీధిలో, అధికారి సమక్షంలో పరీక్ష జరపాలని.

కార్యాలయం ఒప్పుకుంది. వెనక సీట్లో బ్రోక్‌హాగే కూర్చున్నాడు. ప్రజల తరఫు సాక్షినంటూ కాల్ట్‌వాసర్ కూడా దూరాడు. ముందు, కుడి పక్కన స్టీరింగుతో రోజ్విటా. ఆమెను ఆ స్థితిలో కళ్ళారా చూసిన బ్రోక్‌హాగే, "అమ్మగారూ, లైసెన్సు కేసు ఇక్కడితో కొట్టేసినట్టే," అన్నాడు.

"నాకు కావలసింది అది కాదు. పోనివ్వవే! ఇరవై... ఇరవై ఐదు... ముప్ఫై! చూడండి అధికారిగారూ, ముప్ఫై!"

కెమెరా మెరిసింది.

"చూశారా! చూశారా!" అంటూ కాల్ట్‌వాసర్ చప్పట్లు కొట్టాడు.

బ్రోక్‌హాగే మెడ సాచి రెండు సీట్ల మధ్యనుంచి తొంగి చూశాడు. "అమ్మగారూ, ఈ పెద్ద అంకెల లోపల చిన్న అంకెలేవో ఉన్నాయే?"

"ఏవో అలంకారం. ఇంగ్లీషువాళ్ళకు అదొక పిచ్చి."

"ముల్లు ఆ చిన్న అంకెల్లో నలభై ఎనిమిది దగ్గరుందండీ. పెద్దవి మైళ్ళు. కిలోమీటర్లు ఈ చిన్నవి."

కారు రోడ్డు పక్కన ఆగింది.

"డెస్మండ్ చెప్పాడమ్మా," అంది రోజ్విటా నీరసంగా. "మీటరు మార్చక్కర్లేదట, లోపల చిన్న అంకెలున్నాయి చాలని తనిఖీవాళ్ళు అన్నారట. ఇప్పుడే గుర్తొస్తోంది."

"ఇప్పుడా గుర్తొచ్చేది! ఆ రోజు పద్దెనిమిది అన్నప్పుడు ఏమైంది నీ గుర్తు?"

"నువ్వు తొక్కమన్నావుగా!"

కాల్ట్‌వాసర్ ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "మేడమ్, మీ కేసు పోయింది, పరువు దక్కింది. ఇహ ఈ మీటరు గొడవ సభలో ఎందుకు చెప్పండి? మీరు ఊరుకుంటే చాలు, రెండు కెమెరాలూ వాటంతటవే పోతాయి. బ్రోక్‌హాగే గారి నివేదిక వచ్చేసరికి నెల పడుతుంది."

"ఆరు వారాలండీ," అన్నాడు బ్రోక్‌హాగే నిజాయితీగా.

ఎడెల్‌ట్రాడ్ కారు తలుపు తెరిచి, సభాభవనం దాకా తన కాళ్ళతోనే నడిచింది.

అధ్యక్షుడు బడి కెమెరా అంశాన్ని పక్కన పెట్టబోతూ, కారణంగా ఆవిడ రెండు పేజీల ఉత్తరాన్నే చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ లేచి నిలబడింది.

"ఆ కాగితం చింపెయ్యండి. యంత్రం అబద్ధమాడలేదు. ముప్ఫై ఉండవలసిన వీధిలో నా కూతురు నలభై ఎనిమిదిలో పోయింది. తొక్కమన్నది నేను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఒళ్ళో మీ అందరి సంతకాల కోసం చేసిన కేకు పెట్టుకుని మరీ తొక్కించాను. ముప్ఫైలోనే ఉన్నానని ఒట్టు వేసేదాన్ని కూడా." సభలో ఎవరో నవ్వారు. ఆవిడ అటు తిరిగింది, నవ్వు ఆగిపోయింది. "నవ్వండి, ఫరవాలేదు. కాని నవ్వాక ఒక్కటి చెప్పండి. జన్మలో రోడ్డు నియమం తప్పని నేనే తెలియకుండా ఇంత పని చేస్తే, తెలిసి చేసేవాళ్ళ ముందు నుంచి ఆ పిల్లలు రేపు పొద్దున ఎలా దాటుతారు? నన్ను నమ్మకండి. ఎవర్నీ నమ్మకండి. యంత్రం పెట్టండి."

చేతులన్నీ లేచాయి. ఆ తీర్మానంలో శ్రీమతి ఎడెల్‌ట్రాడ్ వీజెమన్ పేరు రెండు చోట్ల నమోదైంది: కెమెరా కోరినవారి జాబితాలో ఒకచోట, కెమెరా అవసరమనడానికి గల కారణాల జాబితాలో మరొకచోట.