ఎంగిలి కరెంటు

"ఇగ కోదాడ కాలేజీలకు, మిర్యాలగూడ మిల్లులకు సూర్యాపేట చెత్తే వెలుగునిస్తది!" అని చెత్త-శక్తి మంత్రి సుధాకర్ గారు ప్రకటించిన వేదిక నాదే. నాకు టెంట్ హౌస్ ఉంది. ఇంత గొప్ప నాయకుణ్ని దగ్గర్నుంచి చూసే భాగ్యం అలా దక్కింది.

సభ అవుతుండగా డంపింగ్ యార్డు పక్క గుడిసెల నుంచి దేవమ్మ వచ్చి చేతులు జోడించింది.

"సారూ, ఈ కంపంత మేమే పీలుస్తున్నం. ఇంట్ల కరెంటు లేదు. మనుమరాలు సౌమ్య పది సదువుతాంది. జర మీటరిప్పియ్యుండ్రి."

"ఫస్టు బల్బు నీ ఇంట్లనే ఎలుగుతది, అవ్వా!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

నెల గడిచినా, చెత్త నుంచి కరెంటు తీయడానికి యార్డులో పెట్టిన ప్లాంటు ఇంజిన్ తిరగలేదు. ఇంజినీర్ వందన భయపడుతూనే చెప్పింది.

"సర్, కుళ్ళే చెత్త ఉంటేనే గ్యాస్ వస్తది. ఈ గుట్టంతా ప్లాస్టిక్, ఇటుక ముక్కలు. అన్నం, కూరల్లాంటివి పడాలె."

మంత్రిగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయనకు ఆ అలవాటు లేదు.

"అన్నమే గదా? వండిద్దాం."

యార్డు పక్కనే నా షామియానా లేచింది. రోజూ బగారా అన్నం, మటన్, పప్పుచారు. వండింది వండినట్టు పారబోస్తే ఆడిట్‌లో దుబారా అంటారట. విస్తట్లో వడ్డించి వదిలేస్తే చెత్త అంటారట. అందుకని కార్యకర్తలు బంతిలో కూర్చుని, తలా ఒక ముద్ద తిని, దేశం కోసం లేచిపోయేవాళ్ళు. ఆ త్యాగానికి నా కళ్ళు చెమర్చాయి.

అయినా గ్యాస్ రాలేదు. వందన ఆరా తీసి వచ్చింది.

"అన్నం గుట్ట దాకా పోతలేదు, సర్. గుడిసెలోళ్ళు తీసుకపోయి తింటున్నరు."

"అంటే మన కరెంటు తింటున్నరా!"

"సర్, అది అన్నం..."

"నీకు అన్నం. ప్లాంటుకు కరెంటే. చోరీ కేసు పెట్టు."

అన్నం గిన్నెతో దొరికింది దేవమ్మే. కేసు రాసే ఆఫీసరు కంప్యూటర్ ముందు తల పట్టుకున్నాడు. మీటరు నంబరు కొట్టందే కరెంటు చోరీ కేసు ఎక్కదట.

గంటలో ఆమె గోడకు కొత్త మీటరు బిగించారు. నిచ్చెన నాదే. మంత్రిగారు స్వయంగా వచ్చి, మీటరు పక్కన నిలబడి ఫోటో దిగారు.

దేవమ్మ మీటరును తడిమి చూసింది. "మరి కరెంటు, సారూ?"

మంత్రిగారు ఆప్యాయంగా ఆమె భుజం తట్టారు.

"అది తినేసినవ్ గదా, అవ్వా."