అరవై రెండు శాతం ఖాళీ

కంప్యూటర్ల మంత్రిగారు తమ అరవై రెండో పుట్టినరోజు సభలో చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. "ప్రభుత్వ కంప్యూటర్లలో మెమరీ ఎంత ఖాళీగా ఉందో ఇకపై ఒకే ప్రోగ్రాం చెబుతుంది. ఆ ఖాళీ అరవై రెండు శాతానికి తగ్గదని నా హామీ!" ఆయన ప్రెస్ నోట్లు రాసేవాణ్ణి కనుక చప్పట్లు నేనే మొదలుపెట్టాను.

ప్రోగ్రాం రాసే పని ఇంజనీరమ్మ నెత్తిన పడింది. ఆవిడ పెద్దాసుపత్రిలో ఓపీ చీటీలిచ్చే సర్వర్‌ని చూసుకుంటుంది. మెమరీ చాలక అది రోజుకు మూడుసార్లు పడిపోతోంది. అది లేచేదాకా రోగులు నిలబడే ఉండాలి. కొత్త మెమరీ కావాలని ఆవిడ ఏడాదిగా అర్జీలు పెడుతుంటే, ముందు ఖాళీ ఎంతో తేల్చమన్నారు.

నెల తిరిగేసరికి నాలుగొందల లైన్ల ప్రోగ్రాంతో వచ్చింది.

"ఇంత పొడుగెందుకమ్మా?" అన్నారు మంత్రిగారు.

"నాలుగు ఆఫీసుల్లో నాలుగు రకాల సిస్టమ్‌లున్నాయి సార్. అన్నీ యూనిక్స్ కుటుంబమే గాని తోడికోడళ్ళ వరస. ఒకటి లెక్కంతా ఫైల్లో రాసిపెడుతుంది. ఒకటి నోరు తెరిచి అడిగితేగాని చెప్పదు. ఇంకోటి పేజీల్లో చెబుతుంది, పేజీ ఎంతో మళ్ళీ మనమే కనుక్కోవాలి. పైగా ఖాళీ అంటే దేని లెక్క దానిదే. బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసుందనుకోండి, అది ఖాళీయా కాదా?"

మంత్రిగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "కర్చీఫ్ ఎవరిది?"

"మనవాళ్ళదైతే నిండినట్టే సార్," అన్నాడు పీఏ.

"సర్లే, ఆసుపత్రిలో ఎంతుందట?"

"నాలుగు శాతం సార్," అంది ఇంజనీరమ్మ.

మంత్రిగారి మొహం మాడిపోయింది. పీఏ వెంటనే తన బావమరిదికి కబురుపెట్టాడు. ఆ మేధావి టీ చల్లారేలోగా ప్రోగ్రాం రాసేశాడు. తొంగి చూశాను. ఒక్కటే లైను! ఏ సిస్టమ్‌నీ ఏమీ అడగదు, దేన్నీ నొప్పించదు. ఛాంబర్ గోడమీది తెరలో నాలుగు ఆఫీసుల పేర్లూ వెలిగాయి. నాలుగింటికీ అరవై రెండే.

"పోర్టబుల్ అంటే ఇదీ! ఏ సిస్టమ్‌లో పెట్టినా ఒకేలా నడుస్తుంది!" అన్నాడు పీఏ.

"ఇంత ఖాళీ పెట్టుకుని కొత్తది కావాలంటావేంటమ్మా? ఆసుపత్రి మెమరీలో సగం పీకి నా కంప్యూటర్లో పెట్టించు," అన్నారు మంత్రిగారు.

ఆవిడ వద్దు వద్దంటున్నా సగం పీకారు. తెర మీద అరవై రెండే. మంత్రిగారికి హుషారొచ్చింది. ఉన్నదాంట్లో సగం మళ్ళీ పీకించారు. అరవై రెండే.

"అక్షయపాత్రయ్యా ఇది!" అన్నారు.

మూడోరోజు ఇంజనీరమ్మ సర్వర్‌నే దుప్పట్లో చుట్టి మోసుకొచ్చి మంత్రిగారి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇది చచ్చిపోయింది సార్. చీటీలు చేత్తో రాస్తున్నాం. లైను గేటు దాటి రోడ్డెక్కింది. ఒకామె నిలబడలేక నా కాళ్ళ దగ్గరే కూలబడిపోయింది. మీ కళ్ళతో మీరే చూడండి."

నాకు సిగ్గేసింది. అయినా అలవాటుగా పెన్ను తీశాను.

మంత్రిగారు సర్వర్‌ని చూశారు. బల్ల మీంచి వేలాడుతున్న దాని తీగను చూశారు. తలెత్తి తెర చూశారు. ఆసుపత్రి, అరవై రెండు.

ఆయన మొహం వెలిగిపోయింది.

"కరెంటు కూడా అక్కర్లేదన్నమాట! రాసుకోవయ్యా. మిగతా మూడు ఆఫీసులవీ పీకించేద్దాం."