ఉద్యోగం ఊడకపోతే ఎలా?

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఫిట్టరు ఆ ఉదయం కాఫీ కూడా నిలబడే తాగాడు. జేబులో రాజీనామా కాగితం ఉంది. దాన్ని మేనేజరు చేతిలో పెట్టేస్తే, సోమవారం నుంచి బావమరిదితో కలిసి మోటార్ల రిపేరు షాపు. తన వాటాకు అప్పు చేయాలన్న దిగులు ఒక్కటే మిగిలింది.

గేటు దగ్గర స్టోర్సు చూసుకునే ఆవిడ పక్కకు పిలిచింది.

"అన్నయ్యా, ఆ కాగితం ఇవ్వకు! వచ్చే వారం కొంతమందిని తీసేస్తున్నారట. అందులో నీ పేరుంది."

"మంచిదేగా! ఎలాగూ పోయేవాణ్ణే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వాళ్లు తీసేస్తే ఇన్నేళ్ల సర్వీసుకి పరిహారం ఇస్తారు. నీ అంతట నువ్వు మానేస్తే ఆ డబ్బు రాదు."

ఫిట్టరు జేబులోని కాగితాన్ని ఇంకా లోపలికి తోశాడు. ఆ పరిహారం వస్తే అప్పే అక్కర్లేదు! వారం రోజులు నోరు మూసుకుంటే చాలు. కానీ బావమరిది నోరు ఆయన చేతిలో లేదు.

రాజీనామా అయిపోయిందనుకుని ఆ బావమరిది మధ్యాహ్నం కాకముందే కేకుతో ఊడిపడ్డాడు. "పీడ వదిలింది బావా!" అని షెడ్డంతా వినపడేలా అరిచాడు. తోటివాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ గోలకు మేనేజరు బయటికొచ్చాడు.

"ఏమయ్యా, మానేస్తున్నావా?"

"అబ్బే, ఎవరన్నారు సార్?"

"పీడ వదిలిందంటున్నాడు?"

"కట్టింగు మిషన్లో ఆయిల్ లీకు సార్. నిన్నటితో ఆగిపోయింది."

"దానికి కేకా?"

"మీకోసమే సార్! మీరు మెడపట్టి గెంటినా నేను పోను, ఒట్టు! ఈ మిషన్లు నా పిల్లల్లాంటివి!" భయంతో ఫిట్టరు గొంతు నిజంగానే వణికింది.

తీసివేతల వార్త పొక్కినప్పటి నుంచీ మేనేజరుని పలకరించిన నాథుడు లేడు. ఆయన కళ్లు తుడుచుకుని, బావమరిదిని కేకుతో సహా తన గదిలో కూర్చోబెట్టి, పైవాళ్లకు ఫోన్ చేశాడు. ఫిట్టరు గది బయట కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

చివరికి తలుపు తెరుచుకుంది.

"నీ పేరు కొట్టేయించానయ్యా! నీలాంటివాణ్ణి తీసేస్తే కళ్లు పోతాయి."

"అయ్యయ్యో! నాకోసం ఇంకొకరి పొట్ట కొట్టడం దేనికి సార్? నన్నే తీసెయ్యండి!"

"ఎవరి పొట్టా కొట్టలేదు. నీ బదులు నా పేరే రాయించుకున్నా. నాకూ విసుగొచ్చింది. వచ్చే పరిహారంతో మీ బావమరిది షాపులో వాటా తీసుకుంటున్నా."

ఫిట్టరుకి ఏడుపొచ్చింది. బావమరిది తలెత్తకుండా కేకు తింటున్నాడు.

"నేనేం చెయ్యను బావా? పోనని అంతమంది ముందు ఒట్టేసింది నువ్వేగా!"

షాపు ప్రారంభం రోజున రిబ్బను కత్తిరించమని ఇద్దరూ ఫిట్టరునే ఆహ్వానించారు. ఆయనకు సెలవు దొరకలేదు.